తొక్కుడు రాకెట్ సెట్ సమీక్ష: బొమ్మ ఎంతవరకు నేర్పుతుంది, మిగతాది ఎలా ఆడించాలి

కాలితో తొక్కితే గాల్లోకి లేచే ఫోము రాకెట్ సెట్లు చాలా కంపెనీలు చేస్తున్నాయి. రంగులూ పేర్లూ వేరైనా పెట్టెలో ఉండేవి మాత్రం అవే. గాలి నిండి ఉండే ప్లాస్టిక్ సంచి, దాన్నుంచి బయల్దేరే మెత్తటి పైపు, ఆ పైపు చివర స్టాండు మీద నిలబడే సన్నటి గొట్టం, గొట్టానికి తొడిగే మూడు నాలుగు ఫోము రాకెట్లు. సంచి మీద దూకగానే అందులోని గాలి పైపు గుండా గొట్టంలోకి దూసుకొచ్చి, ముక్కు మూసి ఉన్న రాకెట్‌ను ఒక్క తోపుతో పైకి నెడుతుంది. మందు లేదు, నిప్పు లేదు, మామూలు రకాలకు బ్యాటరీ కూడా అక్కర్లేదు.

మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసు పిల్లలకు అంతరిక్షయానం గురించి కూర్చోబెట్టి చెప్పడం కన్నా దీనితో ఆడించడం ఎన్నో రెట్లు మేలు. ఈ మాట గట్టిగా చెబుతూనే ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ బొమ్మ చూపించేది ప్రయాణంలో మొదటి రెండు మూడు సెకన్లు మాత్రమే. అదీ అసలు రాకెట్ లేచే పద్ధతిలో కాదు. మిగతా ప్రయాణమంతా పిల్లల కాళ్లతో నడిపించాలి. అలా ఆడించే ఓపిక ఉన్నవాళ్లకు ఇది తప్పకుండా కొనదగ్గ సెట్టు. పెట్టె విప్పి పిల్లల చేతికిచ్చి వదిలేస్తే కొద్ది రోజుల్లోనే రాకెట్లు పోతాయి, సంచి చిరుగుతుంది, అంతరిక్షం గురించి తెలిసేది మాత్రం ఏమీ ఉండదు.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది స్టాండు. గొట్టాన్ని వంచే వీలుండాలి, వంచిన చోట అది బిగుసుకుని నిలవాలి. నిటారుగా మాత్రమే నిలిచే సెట్లు వద్దు. వాటితో కోణాల ఆట ఆడలేం, పైగా రాకెట్ తిరిగి పిల్లల నెత్తి మీదే పడుతుంది. కాళ్లు వెడల్పుగా చాచుకున్న స్టాండు మంచిది. తేలికపాటి స్టాండు తొక్కిన ప్రతిసారీ పైపుతోపాటు ఎగిరి పక్కకు తిరుగుతుంది. అలాంటిది ఇప్పటికే ఇంట్లో ఉంటే దాని కాళ్ల మీద చిన్న ఇసుక మూటలు పెడితే కదలదు.

తర్వాత సంచి. ఇవి రెండు రకాలు. సీసాలా గట్టిగా ఉండి, తొక్కాక తనంతట తానే గాలి పీల్చుకుని మళ్లీ ఉబ్బేది ఒకటి. దిండులా మెత్తగా ఉండి, తొక్కాక అణగిపోయి అలాగే ఉండిపోయేది ఇంకొకటి. రెండో రకంలో ప్రతిసారీ గొట్టంలోకి గాలి ఊదాలి. ఒకే గొట్టానికి అందరు పిల్లలూ నోరు పెట్టడం మంచిది కాదు కాబట్టి, గుప్పిట గొట్టం చివర బిగించి ఆ గుప్పిటలోంచి ఊదడం అలవాటు చేయాలి. చిన్న పిల్లలకు మొదటి రకమే నయం. ‘రాకెట్ ఎగరడం లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం సంచి పూర్తిగా ఉబ్బకముందే రాకెట్ తొడిగేయడం. సంచిలో గాలే లేనప్పుడు ఎంత గట్టిగా దూకినా ఏం లాభం? ముందు సంచి ఉబ్బాలి, తర్వాతే రాకెట్ తొడగాలి. ఈ వరస పిల్లలకు మొదటి రోజే పట్టుబడాలి.

రాకెట్ల విషయానికొస్తే, ముక్కు మెత్తటి రబ్బరుదై ఉండాలి, రెక్కలు ఊడిరాకుండా గట్టిగా అతుక్కుని ఉండాలి. విడి రాకెట్లు దొరుకుతాయో లేదో ముందే చూసుకోండి. చెట్ల మీదా డాబాల మీదా పోయేవి అవే, పైగా ఒక కంపెనీ రాకెట్ ఇంకో కంపెనీ గొట్టానికి చాలాసార్లు సరిపోదు. మూడేళ్ల లోపు పిల్లలు ఫోమును కొరికి ముక్కలు మింగే ప్రమాదం ఉంది, వాళ్లకు ఇది వద్దే వద్దు. చీకట్లో వెలిగే రాకెట్లలో బటన్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని మింగితే గొంతు లోపల తీవ్రంగా కాలిపోతుంది. మూతకు స్క్రూ లేని రకాన్ని ఇంటికి తేవద్దు.

పెట్టె మీద వేసే ఎత్తులు, దూరాలు పెద్దవాళ్లు రెండు కాళ్లతో దూకితే వచ్చే లెక్కలు. నాలుగేళ్ల బిడ్డ ఒంటికాలితో తొక్కితే అందులో సగం కూడా రాదు. దానికి నిరాశ పడనక్కర్లేదు, ఎందుకంటే కింద చెప్పబోయే ఆటలన్నిటికీ ఆ కొంచెం చాలు.

పెట్టే చోటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, దెబ్బలు తగిలేది ఇక్కడే. నున్నటి బండల మీదా టైల్సు మీదా సంచి జారుతుంది. దూకిన పిల్లలు వెల్లకిలా పడతారు. పొడి గడ్డి గానీ, గట్టి నేల మీద పరిచిన రబ్బరు చాప గానీ ఉండాలి. సంచి కింద రాయి ఉంటే అతుకు దగ్గర చిట్లుతుంది కాబట్టి ముందు చేత్తో నేల తడిమి చూడాలి. పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి దూకుతారు. వాళ్లు వచ్చే దారికి ఎదురుగా స్టాండు ఉంటే దూకిన ఊపులో దాని మీదికే పోతారు, పైపు కాలికి తగులుకుంటుంది. అందుకే స్టాండును వాళ్లు పరుగెత్తే దారికి ఒక పక్కగా, పైపు పూర్తిగా చాచి పెట్టాలి. గొట్టం ఎప్పుడూ దూకేవాళ్ల నుంచి అవతలి వైపుకే వంగి ఉండాలి. స్టాండు చుట్టూ మూడు మీటర్ల మేర సుద్దతో ఒక గీత గీసి, రాకెట్ తొడిగేవాళ్లు తప్ప ఎవరూ లోపలికి రాకూడదని చెప్పాలి. తొడిగేటప్పుడు గొట్టం మీదికి మొహం వంచకూడదు. తొడిగి ఆ పిల్లో పిల్లాడో గీత దాటి బయటికి వచ్చేదాకా సంచి దగ్గర ఎవరూ నిలబడకూడదు. ఇది ఒక్కటీ పాటిస్తే కంటి దెబ్బల భయం చాలావరకు పోతుంది.

వాడకంలో మొదట వదులయ్యేది పైపు, సంచి కలిసే చోటు. రాకెట్ రోజురోజుకీ తక్కువ ఎత్తు పోతోందంటే గాలి కారుతోందన్నమాట. గొట్టం చివర అరచేత్తో మూసి, సంచిని నెమ్మదిగా నొక్కి, అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలు వచ్చిన చోటు తెలుస్తుంది. పైపు అతుకు అయితే ఊడదీసి తుడిచి మళ్లీ లోపలిదాకా తోసి, పైన క్లిప్పు బిగిస్తే సరి. సంచి అతుకే విడిపోతే టేపుతో అతికినా దూకుడుకు ఆగదు, మార్చాల్సిందే. ఎండలో వదిలేసిన సంచి ప్లాస్టిక్ పెళుసెక్కి త్వరగా చిట్లుతుంది. మడమ ఎత్తు చెప్పులతో దూకినా అంతే. రాకెట్ లోపలి గొట్టం అరిగి వదులైతే గాలి పక్కల నుంచి పోయి రాకెట్ సగంలో చతికిలబడుతుంది. అప్పుడు స్టాండు గొట్టం అడుగు భాగానికి ఒక్క చుట్టు టేపు చుట్టండి. రెండు చుట్లు వేస్తే మరీ బిగుసుకుని, పిల్లలు మెలితిప్పి లాగి ఫోము చించేస్తారు. రెక్క వంగిన రాకెట్ వంకరగా తిరుగుతూ పోతుంది. అది పారేయకుండా ఉంచండి, మంచి రాకెట్ పక్కన దాన్ని ఎగరేస్తే రెక్కలు ఎందుకో పిల్లలకు కళ్లారా కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. గొట్టాన్ని దాటిన క్షణం నుంచి ఈ రాకెట్‌ను తోసేది ఏదీ లేదు. విసిరిన బంతికీ దీనికీ తేడా లేదు. అసలు రాకెట్ అలా కాదు. తనలోని ఇంధనాన్ని మండించి, వేడి వాయువుల్ని వెనక్కి చిమ్ముతూ, ఆ చిమ్మినంతసేపూ ముందుకు వేగం పెంచుకుంటూ పోతుంది. నేలను గానీ గాలిని గానీ తన్నుకుని పోదు. గాలి లేని చోట కూడా ఇంజన్ పనిచేసేది అందుకే. తొక్కుడు రాకెట్ ఒక్కటే చూసిన పిల్లలు ‘కింద నుంచి ఎవరో గట్టిగా తోస్తే రాకెట్ పోతుంది’ అనుకుంటారు. ఆ తప్పు అభిప్రాయం మనసులో నాటుకున్నాక తీయడం కష్టం.

దీనికి విరుగుడు ఒక రబ్బరు బుడగ, అంటే బెలూన్. అయిదు మీటర్ల నైలాన్ దారాన్ని ఒక స్ట్రాలోంచి దూర్చి, రెండు కొసలూ ఇద్దరు పిల్లల చేతికిచ్చి బిగుతుగా పట్టుకోమనండి. ఊదిన బుడగ మూతి వేళ్లతో మూసి పట్టుకుని, దాన్ని టేపుతో స్ట్రాకు రెండు చోట్ల అతికించి, వదిలేయండి. గాలి వెనక్కి, బుడగ ముందుకు. లోపలి గాలి అయిపోయేదాకా తోపు ఆగదు. దారం వదులైనా, ముతక నూలు దారం వాడినా బుడగ మధ్యలో ఆగిపోతుంది, గమనించండి. తొక్కుడు రాకెట్ బయటికి తీసే ముందే ఈ ఆట ఆడించాలి. రెండూ ఆడాక ఒకే ప్రశ్న అడగండి: ‘దీన్ని తోసింది ఎవరు? దాన్ని తోసింది ఎవరు?’ అయిదేళ్ల పిల్లలు కూడా బుడగ తనంతట తనే పోయిందని, ఫోము రాకెట్‌ను తాము తోశామని చెప్పగలరు. ఆ వయసుకు అంత చాలు.

ఈ సెట్టుతో నిజంగా బాగా నేర్పగలిగేది కౌంట్‌డౌన్. మూడేళ్ల వాళ్లకు అయిదు నుంచి, అయిదేళ్లు దాటితే పది నుంచి సున్నాకు వెనక్కి లెక్కపెట్టించండి. అంకెలు వచ్చినవాళ్లకు కూడా వెనక్కి చెప్పడం మొదట్లో తడబాటే. దీనికి ‘ఆపు’ అనే ఆజ్ఞ కలపండి. మధ్యలో ఎప్పుడైనా పెద్దవాళ్లు ‘ఆపు’ అంటే లెక్క ఆగాలి, దూకబోయే కాళ్లూ ఆగాలి. ఎందుకు ఆగామో ఒకరు పోయి చూసి రావాలి. స్టాండు వంగిందా? ఎవరైనా గీత లోపల ఉన్నారా? అప్పుడు మళ్లీ మొదటి నుంచి లెక్క. ఇది ఉత్తుత్తి కల్పన కాదు. 2019 జూలై 15న చంద్రయాన్-2 ప్రయోగాన్ని ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా ఇస్రో ఆపేసింది, లోపం సరిచేసుకుని జూలై 22న పంపింది. 2023 అక్టోబర్ 21న మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ పథకపు పరీక్ష వాహనం టీవీ-డీ1 లెక్క సరిగ్గా 5 సెకన్ల దగ్గర ఆగి, కారణం తెలుసుకున్నాక అదే ఉదయం 10 గంటలకు ఎగిరింది. పిల్లలకు ఈ రెండు సంగతులు చెబితే, ఆగడం ఓడిపోవడం కాదని వాళ్లే అర్థం చేసుకుంటారు. గాల్లోకి లేపిన కాలు అలాగే నిలబెట్టి ఆపుకోవడం ఆ వయసులో ఒంటికీ మనసుకీ గట్టి కసరత్తే.

ఎక్కువసేపు ఆడించాల్సిన ఆట చందమామ ప్రయాణం. 20 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న బంతిని స్టాండు పక్కన పెట్టి భూమి అనుకోండి. అదే కొలతలో చందమామ 5.5 సెంటీమీటర్ల బంతి అవుతుంది, ఉండాల్సిన దూరం 6 మీటర్లు. ముందుగా దూరం చెప్పకుండా చిన్న బంతిని పిల్లల చేతికిచ్చి ‘చందమామ ఎక్కడుంటుందో పెట్టండి’ అనండి. చాలామంది పెద్ద బంతికి జానెడు దూరంలోనే పెడతారు. అప్పుడు టేపుతో కొలిచి 6 మీటర్ల దగ్గరికి వాళ్ల చేతనే నడిపించండి. వ్యోమగాములు ఉండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. ఈ కొలతలో అది బంతికి 6 మిల్లీమీటర్ల పైన, పిల్లల చిటికెన వేలి మందం కూడా లేదు. వేలు ఆనించి చూపించండి.

ఇప్పుడు రాకెట్ ఎగరేయాలి. అది ఎక్కడ పడినా ఒకరు పరుగెత్తి తీసుకుని, అక్కడి నుంచి తామే నౌక అయిపోవాలి. చంద్రయాన్-3 2023 జూలై 14న బయల్దేరి నేరుగా చందమామ మీదికి పోలేదు. భూమి చుట్టూ తిరుగుతూ అయిదుసార్లు కక్ష్య పెంచుకుంది, ఆగస్టు 1న చందమామ దారి పట్టింది, 5న దాని కక్ష్యలో చేరింది, అక్కడా చుట్లు తగ్గించుకుంటూ 23న దిగింది. రాకెట్ చేతిలో పట్టుకున్న పిల్లలు కూడా భూమి బంతి చుట్టూ అయిదు చుట్లు తిరగాలి, ప్రతి చుట్టూ ముందుదానికన్నా పెద్దది. బంతికి దగ్గరగా వచ్చినప్పుడు వేగంగా పరుగు, దూరంగా పోయినప్పుడు నెమ్మదిగా నడక. సాగిన కక్ష్యలో నౌక వేగం నిజంగానే అలా మారుతుంది, కక్ష్య పెంచడానికి ఇంజన్ వెలిగించిందీ భూమికి దగ్గరగా వచ్చినప్పుడే. అయిదో చుట్టు తర్వాత చందమామ వైపు పరుగు, అక్కడ చిన్నవవుతూ పోయే చుట్లు, చివర మోకాళ్లు వంచి రాకెట్‌ను చప్పుడు కాకుండా నేల మీద నిలబెట్టడం. చప్పుడైతే మళ్లీ బయల్దేరాలి. ‘పారాచూట్ వేసుకుని దిగొచ్చు కదా’ అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. చందమామ మీద గాలి లేదు, పారాచూట్ తెరుచుకుని నిలవడానికి పట్టు దొరకదు, అందుకే చంద్రయాన్-3లో చందమామ మీద దిగిన భాగం విక్రమ్ ఇంజన్లు వెలిగించుకుంటూ దిగింది.

చుట్లు తిరిగేటప్పుడు కళ్లు తిరిగి పడే పిల్లలుంటారు. ఒక చుట్టు కుడి వైపుగా ఒక చుట్టు ఎడమ వైపుగా మార్చొద్దు, కక్ష్య అలా ఉండదు. తిరగడమే నెమ్మది చేయించి, చుట్ల మధ్య ఒక ఊపిరి ఆగనివ్వండి.

ఆరేడేళ్లు వచ్చాక కోణాల ఆట మొదలుపెట్టొచ్చు. అట్టముక్క మీద కోణాలు గీసి, దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీస్తే గొట్టం ఎంత వంగిందో తెలుస్తుంది. నేల నుంచి లెక్కేసి 75, 60, 45, 30 డిగ్రీల దగ్గర మూడేసి సార్లు ఎగరేసి, పడిన చోట జెండా గుచ్చి, అడుగులతో కొలిచి, మూడింటిలో నడిమి కొలత రాసుకోవాలి. దూకుడు బలం ప్రతిసారీ మారిపోతుంది, ఫలితాలు గందరగోళమయ్యేది అందుకే. రెండు కిలోల ఇసుక మూటను పెద్దవాళ్లు ఒకే ఎత్తు నుంచి సంచి మీద వదిలితే తోపు దాదాపు ఒకేలా ఉంటుంది. రాకెట్ అంత దూరం పోదు కానీ పోలిక నిలుస్తుంది. గాలి అడ్డు లేకపోతే 45 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ దూరం పోవాలి. ఫోము తేలిక కాబట్టి గాలి దాన్ని బాగా ఆపుతుంది, అందువల్ల 45 కన్నా కాస్త తక్కువ కోణమే గెలవొచ్చు. గాలి వీచే రోజు ఈ ఆట పెట్టుకోకండి.

ఎక్కువమంది పిల్లలుంటే ఒక్క సెట్టు చాలదు. తొడగడం, లెక్క, దూకుడు, తెచ్చుకోవడం కలిపి ఒక్కో వంతుకు ఒక నిమిషం దాకా పడుతుంది. ఆరుగురుంటే ప్రతివాళ్లూ అయిదు నిమిషాలు ఎదురుచూడాలి, నాలుగేళ్ల పిల్లలకు అది చాలా ఎక్కువ. పనులు పంచండి. ఒకరు తొడుగుతారు, ఒకరు లెక్క చెబుతారు, ఒకరు దూకుతారు, ఒకరు రాకెట్ పడే చోటు చూసి వేలు చూపిస్తారు, ఒకరు తెస్తారు, ఇంకొకరు ‘అంతా సరే’ అని చెప్పేదాకా ఎవరూ కదలరు. ప్రతి ప్రయోగానికీ పని మారాలి. దూకే వంతే గొప్పదని పిల్లలు మొదట కొట్లాడుకుంటారు. ‘ఆపు’ చెప్పే అధికారం పెద్దవాళ్ల నుంచి లెక్క చెప్పేవాళ్లకు మారిస్తే ఆ పనికీ పోటీ మొదలవుతుంది.

పారాచూట్‌తో వచ్చే రకాలు చూడ్డానికి బాగుంటాయి కానీ దారాలు చిక్కుపడి, మడత పెట్టడానికే సమయమంతా పోతుంది. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకైతే సరే.

సెట్టు కొనకుండా ఇంట్లో చేసుకునే దారి కూడా ఉంది, ఎగరడంలో అది ఏమాత్రం తీసిపోదు. రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసా మూతికి సైకిల్ ట్యూబు ముక్క బిగించి, దాని రెండో కొసను అర అంగుళం పీవీసీ పైపుకు తొడిగి, రెండు చోట్లా టేపు గట్టిగా చుట్టాలి. పైపు ఇంకో కొస పైకి ఉండేలా ఎల్‌బో అనే వంపు ముక్క వేసి, అడుగున అడ్డ పైపులతో నిలబెట్టాలి. ఎల్‌బోలు అతికించకుండా వదిలితే కోణం మార్చుకోవచ్చు. రాకెట్‌కు మామూలు ఏ4 కాగితం చాలు. పైపు చుట్టూ చుట్టి, జారేటంత వదులుగా అంచు టేపుతో అతికించి, పై కొస మడిచి గాలి పోకుండా మూసి, కింద మూడు రెక్కలు అంటించాలి. ముక్కు సరిగ్గా మూయకపోతే గాలంతా పైనుంచే పోయి రాకెట్ కదలదు. ఎక్కువ పొరపాటు ఇక్కడే జరుగుతుంది. చివర మొన తేలకుండా మొద్దుగా మడిచి, ఒక దూది ఉండ పెట్టి టేపు వేయండి. తొక్కిన ప్రతిసారీ సీసా అణగిపోతుంది, గుప్పిటలోంచి ఊది ఉబ్బించాలి. ముడతల దగ్గర చీలిక కనిపించగానే సీసా మార్చేయండి. దీనికి ఒక పెద్దవాళ్ల చేయి తప్పనిసరి, కానీ పిల్లలు తమ రాకెట్‌ను తామే చేసుకుని, అది ఎందుకు వంకరపోయిందో చూసి, రెక్క సరిచేసి మళ్లీ ఎగరేసే వీలు కొన్న ఫోము రాకెట్లలో లేదు. ఆరేళ్లు దాటిన పిల్లలున్న ఇంట్లో కొన్న సెట్టుకన్నా దీనికే మా ఓటు. అంతకన్నా చిన్నవాళ్లకు మాత్రం కొన్న సెట్టే, పైన చెప్పిన స్టాండు ఉన్నదే తీసుకోండి.